అయిదు–సున్నా

చంటీ, ఆ సంచీ తలుపు దగ్గరే పడేసి ఇటు రా. ఏడిచింది చాలు. మూడు గోల్స్ ముందుండి ఓడిపోయారు, అంతేగా? పన్నెండేళ్ల పిల్లలు మీరు. ప్రపంచంలో తనని మించినవాడు లేడనిపించుకున్నవాడు ఉన్న జట్టు, అయిదు గోల్స్ ముందుండి ఓడిపోవడం నేను చెవులారా విన్నాను. చూశాను అనట్లేదు, విన్నాను. కూర్చో, చెప్తాను. అమ్మలూ, నువ్వూ రా, మంట దగ్గర చోటుంది. మీ నానమ్మ జంతికలు తెచ్చేలోపు సగం కథ అయిపోతుంది.

అది 1982. మన లెక్కలో దుందుభి నామ సంవత్సరం. ఉగాది వెళ్లి రెండు వారాలైంది. పండక్కి ఎడ్మంటన్‌లో ఉన్న తెలుగువాళ్లమంతా ఒకే ఇంటి బేస్‌మెంట్‌లో సరిపోయాం, ఇంకా చోటు మిగిలింది కూడా. వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందిక్కడ? మెంతులతో కానిచ్చాం. నేను వరంగల్ ఆర్ఈసీలో మెకానికల్ చదివి వచ్చి, ఇక్కడ పైపుల డ్రాయింగులు గీసే పనిలో ఉన్నాను. ఊరికి తూర్పున రిఫైనరీలు చూశారుగా, ఆ గొట్టాల్లో కొన్ని నా పెన్సిల్ కిందనుంచి వెళ్లినవే. ఊరు బతికేది చమురు మీద, ఊరి హాకీ జట్టుకి పెట్టుకున్న పేరూ ఆయిలర్స్. మీ నాన్నకి అప్పుడు మూడేళ్లు.

హాకీ అంటే అప్పటికి నాకు తెలిసింది మన గడ్డి మీది ఆటే. ధ్యాన్‌చంద్ పేరు విని పెరిగినవాణ్ని. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, మంచు మీద మనుషులు ఒకళ్లనొకళ్లు గోడకేసి గుద్దుకుంటుంటే ఇదేం ఆటరా బాబూ అనుకున్నాను. మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర ఒకాయన ఉండేవాడు, తాతల కాలంలో ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఈ ఊళ్లో ఆ సంతతి వాళ్లు చాలామంది ఉన్నారులే. నాకు ఈ ఆట నేర్పింది ఆయనే. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉప్పు సీసా, మిరియాల సీసా అటూ ఇటూ జరిపి ఆఫ్‌సైడ్ అంటే ఏంటో చెప్పేవాడు. ఇదిగో, గూట్లో ఉన్న ఈ పక్ ఆయనిచ్చిందే. పట్టుకో. ఎంత బరువుందో చూడు. మూడంగుళాల అడ్డం, అంగుళం మందం, అంతా రబ్బరే, నూట డెబ్బై గ్రాముల దాకా ఉంటుంది. పెద్ద ఆటల్లో దీన్ని ముందే గడ్డకట్టించి తెస్తారు, ఎగిరిపడకుండా జారాలని. గడ్డకట్టిన రబ్బరు ముఖం మీదకొస్తుంటే నిలబడేవాడు గోలీ. అందుకే గోలీని తిట్టకండి. మీ గోలీ పిల్లాణ్ని కూడా. సరేనా?

ఆయిలర్స్ ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద లీగ్‌లోకి వచ్చింది 1979లో. మూడేళ్లు తిరిగేసరికి ఆ సీజన్లో ఎనభై ఆటల్లో 417 గోల్స్ కొట్టారు. అంతకుముందు ఏ జట్టూ నాలుగు వందలు దాటలేదు. వేన్ గ్రెట్స్‌కీ ఒక్కడే 92. తను కొట్టినవీ, ఇంకొకడి చేత కొట్టించినవీ కలిపి 212 పాయింట్లు. మొదటి యాభై గోల్స్‌కి వాడికి పట్టింది 39 ఆటలు. ఆ యాభయ్యోది కొట్టిన రోజు, 1981 డిసెంబర్ 30న, ఒక్క ఆటలో అయిదు కొట్టాడు. ఇరవై ఒకటో ఏడు నిండింది ఆ తర్వాత నెలలో! మార్క్ మెస్సియేకీ, యారీ కుర్రీకీ కూడా ఇరవై ఒకటే. పాల్ కాఫీకి ఇరవై. గోల్లో నిలబడే గ్రాంట్ ఫ్యూర్‌కి పందొమ్మిది. అందరూ పిల్లలే. పెళ్లివారింట్లో వదిలేసిన పిల్లల్లా ఉండేది వాళ్ల ఆట, పట్టపగ్గాల్లేవు.

మొదటి రౌండ్లో ఎదురుపడింది లాస్ ఏంజెలెస్ కింగ్స్. మనవాళ్లకి సీజన్లో 111 పాయింట్లు, వాళ్లకి 63. ఎనభై ఆటల్లో వాళ్లు గెలిచింది ఇరవై నాలుగు. మార్సెల్ డియోన్ లాంటి గొప్పవాడు ఉన్నాడు గానీ, జట్టు మొత్తంగా అంతంతమాత్రం. అయిదు ఆటల్లో మూడు గెలిచినవాడిది సిరీస్. మా ఆఫీసులో అందరూ రెండో రౌండ్ టికెట్ల గురించే మాట్లాడుకున్నారు.

మొదటి ఆట ఇక్కడే, నార్త్‌ల్యాండ్స్ కొలీసియంలో. కింగ్స్ గెలిచారు. ఎంతకనుకున్నావు? పదికి ఎనిమిది! క్రికెట్ స్కోరు చెప్పినట్టు లేదూ? రెండోది ఓవర్‌టైమ్‌లో మనవాళ్లు మూడు–రెండుతో గట్టెక్కారు. చెరొకటి. మూడో ఆటకి లాస్ ఏంజెలెస్ వెళ్లారు.

ఏప్రిల్ 10, శనివారం. మర్నాడు ఈస్టర్. బయట మంచు కరిగీ కరక్కుండా బురదబురదగా ఉంది. మీ నానమ్మ మీ నాన్నని పడుకోబెట్టి తనూ నిద్రపోయింది. నేను వంటింట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాను, గొంతు తగ్గించి. ఆయిలర్స్ ఆట అంటే రాడ్ ఫిలిప్స్ గొంతే. ముప్ఫై ఏళ్ల పైన చెప్పాడాయన. గోల్ పడితే ఆయన అరిచే అరుపుకి గిన్నెలు కదిలేవి, అందుకే గొంతు తగ్గించడం.

మొదటి రెండు పీరియడ్లలో ఆయన అరుస్తూనే ఉన్నాడు. మెస్సియే ఒకటి, గ్రెట్స్‌కీ రెండు, ఫోగోలిన్ ఒకటి, సిల్టానెన్ ఒకటి. నలభై నిమిషాలు అయ్యేసరికి అయిదు–సున్నా. అక్కడ ఇంగిల్‌వుడ్‌లో ఫోరం అని అప్పట్లో వాళ్ల స్టేడియం, మాంచెస్టర్ బులవార్డ్ మీద ఉంటుంది. జనం లేచి కార్ల దగ్గరికి పోవడం మొదలెట్టారట. కింగ్స్ యజమాని జెర్రీ బస్ కూడా వెళ్లిపోయాడని తర్వాత అందరూ చెప్పుకున్నారు. మన బెంచీ మీద కుర్రాళ్లు నవ్వుకుంటున్నారనీ, అది చూసి మాకు ఒళ్లు మండిందనీ కింగ్స్ ఆటగాళ్లు తర్వాత చాలాసార్లు చెప్పారు. వాళ్ల కోచ్ డాన్ పెర్రీ, ఆట సంగతి వదిలేయండి, ఈ ఒక్క పీరియడ్ గెలిచి చూపించండి చాలు, తర్వాతి ఆటకి పనికొస్తుంది అన్నాడంటారు. నేనూ రేడియో కట్టేసి పడుకుందామనే లేచాను. పాలు తోడెయ్యడం మర్చిపోయానని గుర్తొచ్చింది. పాలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి కదా, అందుకని ఉండిపోయాను. లేకపోతే ఈ కథ మీకు పేపర్లో చదివి చెప్పేవాణ్ని.

మూడో పీరియడ్ మొదలైన మూడు నిమిషాల్లోపే జే వెల్స్ ఒకటి కొట్టాడు. డిఫెన్స్ ఆడేవాడు, గోల్స్ కొట్టే మనిషే కాదు. అయిదు–ఒకటి. పోనీలే పాపం అనుకున్నాను. మరో మూడు నిమిషాలకి డగ్ స్మిత్. అయిదు–రెండు. రాడ్ ఫిలిప్స్ గొంతులో తేడా ఏమీ లేదు. నాకూ లేదు. ఆ తర్వాత ఎనిమిది నిమిషాలకు పైగా ఏమీ జరగలేదు. ఒకళ్లు పరుగెత్తి ఇంకొకళ్ల దగ్గరికి, మళ్లీ ఇటు. మజ్జిగ చుక్క వేసి, గిన్నె మీద మూత పెట్టాను.

అప్పుడు, ఇంకా అయిదున్నర నిమిషాలుందనగా, చార్లీ సిమ్మర్ గోల్ పక్కనుంచి ఎలాగో లోపలికి తోశాడు. అయిదు–మూడు. నిమిషంన్నర తిరక్కుండానే మార్క్ హార్డీ. అయిదు–నాలుగు. నేను కుర్చీ లాక్కుని రేడియో ముందు కూర్చున్నాను. చెయ్యి తుడుచుకోవడం కూడా గుర్తులేదు.

ఇంతలో మన గ్యారీ అంగర్ కర్ర పైకి లేపి ఒకడి ముఖానికి తగిలించాడు. అయిదు నిమిషాల శిక్ష. చంటీకి తెలుసు గానీ అమ్మలు కోసం చెప్తున్నాను. తప్పు చేసినవాడు చెడుగుడులో అవుటైనవాడిలాగా గీత బయట కూర్చోవాలి, జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. రెండు నిమిషాల శిక్షయితే, గోల్ పడగానే వాడు తిరిగి రావచ్చు. అయిదు నిమిషాలదైతే ఎన్ని గోల్స్ పడినా రాకూడదు, గడియారం చెప్పాల్సిందే. పైగా అంగర్ పిల్లాడు కాదు, ఆ కుర్రాళ్ల మధ్య పెద్దవాడు, ఎన్నో ఏళ్లు ఆడినవాడు. అనుభవం ఉంటే చాలనేవాళ్లకి అప్పుడప్పుడూ ఈ సంగతి చెప్తుంటాను.

ఇక్కడ ఆగి నా మాట ఒకటి చెప్పనివ్వండి. గర్వం తలకెక్కి ఓడిపోయారని అందరూ అంటారు. మర్నాటి పేపర్లూ అదే రాశాయి. నేనొప్పుకోను. గర్వం ఉంది, కాదనను. కానీ ఆ జట్టుకి రానిది ఇంకొకటుంది. కాలం గడపడం. పక్ తీసుకుని గోడ వెంట అటు కొట్టి, ఇటు కొట్టి, చూసేవాళ్లకి విసుగు పుట్టేలా ఆడి నిమిషాలు కరగబెట్టడం ఒక విద్య. 417 గోల్స్ కొట్టిన జట్టుకి ఆ విద్యతో పనేం పడింది? ఎప్పుడూ పడలేదు. ఒకడు తక్కువున్నా సరే, పక్ దొరికితే ముందుకే. ఆ చివరి నిమిషాల్లో ప్యాట్ హ్యూస్ ఒంటరిగా గోలీ మీదకి పోయాడు. ఆరో గోల్ పడితే కథ అక్కడితో సరి. కింగ్స్ గోలీ మారియో లెస్సార్డ్ ఆపేశాడు. అదే హ్యూస్ పక్‌ని ఊరికే అవతలికి బాది వచ్చి బెంచీ మీద కూర్చుంటే? చెప్పలేం. కానీ నేను మా పక్క బల్లాయనతో ఏళ్ల తరబడి దీని మీద వాదించాను. ఆయన అనేవాడు, ముందుకెళ్లొద్దని చెప్తే అది ఆయిలర్స్ ఎలా అవుతుందీ అని. ఆయన మాటలోనూ నిజముంది.

సరే, చివరి నిమిషం. కింగ్స్ తమ గోలీని కూడా బయటికి పిలిచి ఇంకొకణ్ని దించారు. ఒకడు ఎక్కువ అనుకుంటే ఇప్పుడు ఇద్దరు. పక్ మన చివర మూలలో గ్రెట్స్‌కీ దగ్గరే ఉంది. ఎవరి దగ్గరుంటే భయం లేదనుకుంటామో వాడి దగ్గరే. జిమ్ ఫాక్స్ అనేవాడు వెంటబడి ఆ పక్ లాక్కున్నాడు. హార్డీకి ఇచ్చాడు. హార్డీ కొట్టాడు, ఫ్యూర్ ఆపాడు, ఆగిన పక్ కాళ్ల ముందే పడింది. స్టీవ్ బోజెక్, ఆ ఏడే వచ్చిన కుర్రాడు, కర్ర వెనకవైపుతో లోపలికి ఎత్తాడు. గడియారంలో మిగిలింది అయిదు సెకన్లు.

అయిదు సెకన్లమ్మా! నువ్వు ఆ జంతిక కొరికి నమలడానికి పట్టేంత కూడా కాదు. రేడియోలో ఫోరం హోరు తప్ప ఏమీ వినపడలేదు. వెళ్లిపోయిన జనం కార్లలో రేడియోలు విని వెనక్కి పరుగెత్తుకొచ్చారని చెప్పుకుంటారు. ఎంతమంది వచ్చారో ఎవరు లెక్కబెట్టారు! ఆ రాత్రి ఫోరంలో ఉన్నామని చెప్పుకునేవాళ్లందరినీ కూర్చోబెట్టాలంటే నాలుగు స్టేడియంలు కావాలి.

మీ నానమ్మ లేచి వచ్చి, “ఇంకా అయిపోలేదా?” అంది. “అయిపోయింది, మళ్లీ మొదలైంది” అన్నాను. నా ముఖం చూసి ఇంకేం అడగలేదు.

ఓవర్‌టైమ్. ముందు ఎవడు కొడితే వాడిదే ఆట. ఇక్కడ కూడా అదృష్టం మొదట తలుపు తట్టింది మనవాళ్లదే. లెస్సార్డ్ గోల్ వదిలి చాలా ముందుకొచ్చి పక్‌ని అందుకోబోయి పడిపోయాడు. వెనక గోల్ ఖాళీ. పక్ మెస్సియే దగ్గర. తర్వాతి రోజుల్లో ఆరు కప్పులు గెలిచిన మనిషి, ఇలాంటి క్షణాలకే పుట్టాడనిపించుకున్నవాడు. గోల్ మీదనుంచి పైకి కొట్టేశాడు. నేను నోరు మూసుకుని బల్ల మీద గుద్దాను. పెరుగు గిన్నె మూత ఎగిరి కిందపడింది.

ఆ వెంటనే మన చివర ఫేసాఫ్, అంటే పక్‌ని ఇద్దరి మధ్య పడేసి ఆట మళ్లీ మొదలెట్టడం. డగ్ స్మిత్ పక్‌ని వెనక్కి లాగాడు. అక్కడ డారిల్ ఎవాన్స్ అని ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు, సీజన్ చివర్లో పైకి పిలిపించుకున్నవాడు. వాడి పేరు నేను అంతకుముందు సరిగ్గా విన్నది కూడా లేదు. పక్ ఆపలేదు, చూసుకోలేదు, వచ్చింది వచ్చినట్టే బాదాడు. ఫ్యూర్ కుడి భుజం మీదనుంచి పోయింది. ఓవర్‌టైమ్ మొదలై రెండు నిమిషాల ముప్ఫై అయిదు సెకన్లు. ఆరు–అయిదు. ఎవాన్స్ ఆ మంచు మీద ఈ చివరనుంచి ఆ చివరికి పరుగు, జట్టంతా వాడి వెనక. ఆ బొమ్మ తర్వాత టీవీలో ఎన్నిసార్లు చూపించారో. మాంచెస్టర్ బులవార్డ్ మీద జరిగిందని, ‘మాంచెస్టర్ మీది మహిమ’ అని దానికో పేరు పడింది. ఇప్పటికీ అదే పేరు.

ఏంటి చంటీ? సిరీస్ సంగతా? అక్కడితో అయిపోలేదు, అదే ఇంకా కష్టం. నాలుగో ఆట 12న లాస్ ఏంజెలెస్‌లోనే, మనవాళ్లు మూడు–రెండుతో గెలిచారు. అయిదోది మర్నాడే ఇక్కడ. అంత తొందరలో రెండు జట్లూ ఒకే విమానంలో వచ్చాయని చెప్పుకునేవాళ్లు. ఊహించు, కొట్టుకున్నవాళ్లంతా పక్కపక్క సీట్లలో! ఆ రాత్రి కొలీసియంలో కింగ్స్ ఏడు–నాలుగుతో గెలిచి సిరీస్ పట్టుకుపోయారు. ఎడ్మంటన్ పేపర్లో ఒక కాలమిస్టు మన కుర్రాళ్లని పిరికివాళ్లని, మోకాళ్లలో సత్తువ లేనివాళ్లని దులిపేశాడు. ముందువారం వరకూ వాళ్లకి హారతులు పట్టిన ఊరేగా ఇది. కింగ్స్ ఆ తర్వాత రౌండ్లోనే వాంకూవర్ చేతిలో ఓడిపోయారు. ఆ ముచ్చట ఎవరూ చెప్పుకోరు.

ఆ నెలాఖరుకి మాకు హాకీ ఆలోచన కూడా పోయింది. ఉత్తరాన ఆల్‌శాండ్స్ అని చమురు ఇసుకల పెద్ద ప్రాజెక్టు ఒకటి రావాలి, వేలమందికి పని. అది రద్దయింది. మా ఆఫీసులో డ్రాయింగు బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. పక్క బల్లాయన బల్ల ఖాళీ అయిన రోజే ఈ పక్ నా చేతిలో పెట్టి వెళ్లాడు. నా బల్ల ఉండిపోయింది, ఎందుకుందో నాకిప్పటికీ తెలీదు. ఊరంతా అయిదు–సున్నా మీద ఉన్నామనుకుంటున్న కాలం అది. ఇళ్లు కొన్నవాళ్లు తాళాలు బ్యాంకుకిచ్చి వెళ్లిపోయారు.

ఆయిలర్స్ సంగతి మీకు తెలిసిందే. మరుసటి ఏడు ఫైనల్ దాకా వెళ్లి న్యూయార్క్ ఐలాండర్స్ చేతిలో వరసగా నాలుగు ఆటలు ఓడారు. 1984లో కప్పు కొట్టారు. మళ్లీ 85, 87, 88, 90. ఇప్పుడు టీవీలో కూర్చున్నవాళ్లు ఏమంటారంటే, 82లో ఆ దెబ్బ తిన్నారు గనకే నేర్చుకుని గెలిచారని. నాకు ఆ మాట వింటే నవ్వొస్తుంది. దెబ్బ తిన్నవాళ్లంతా నేర్చుకుంటే మన చుట్టూ ఇంతమంది ఓడినవాళ్లెందుకుంటారు? మెస్సియే, కుర్రీ, కాఫీ, ఫ్యూర్, గ్రెట్స్‌కీ ఒకే జట్టులో ఉంటే, ఆ రాత్రి గెలిచినా ఆ కప్పులు గెలిచేవాళ్లే. ఆ రాత్రి ఓటమి ఊరికే ఓటమి. దానికో ప్రయోజనం అంటగట్టక్కర్లేదు. నీదీ అంతే చంటీ. దీనివల్ల నువ్వు గొప్ప ఆటగాడివి అవుతావని నేను చెప్పను. రేపు పొద్దున ప్రాక్టీసుకి దింపుతాను, అంతవరకు చెప్పగలను.

ఎవాన్సా? పాపం, ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం 113 ఆటలే ఆడాడు. తర్వాత అదే కింగ్స్‌కి రేడియోలో మైకు ముందు కూర్చున్నాడు. ఒక్క దెబ్బతో జీవితాంతం తలుచుకునేవాడయ్యాడు. చెడ్డ బేరమేం కాదు.

అసలు వింత ఇంకోటుంది. 1988 ఆగస్టులో గ్రెట్స్‌కీని మన యజమాని పాక్లింగ్టన్ ఎవరికి అమ్మాడో తెలుసుగా? ఆ కింగ్స్‌కే! ఊరంతా ఎవరో పోయినట్టు ఏడ్చింది. మరుసటి ఏప్రిల్లో మొదటి రౌండ్లోనే ఆయిలర్స్, కింగ్స్ మళ్లీ ఎదురుపడ్డారు. మనవాళ్లు మూడు–ఒకటి ముందున్నారు. ఇంకొక్కటి గెలిస్తే చాలు. గెలవలేదు. కింగ్స్ వరసగా మూడు కొట్టి, ఏడో ఆటలో సిరీస్ తీసుకుపోయారు.

మీ నాన్నకి అప్పుడు పదేళ్లు. ఒంటి మీద గ్రెట్స్‌కీ 99 నంబరున్న ఆయిలర్స్ చొక్కా, కళ్లనిండా నీళ్లు. ఆ చొక్కా విప్పమన్నా విప్పడు, టీవీ కట్టేయనివ్వడు. మీ నానమ్మకి ఈ జట్ల గొడవ ఎప్పుడూ ఎక్కలేదు. వంటింట్లోంచి వచ్చి తెర మీద చూస్తే గ్రెట్స్‌కీ చేతులెత్తి నవ్వుతున్నాడు. “గెలిచింది మన అబ్బాయేగా, వీడెందుకు ఏడుస్తున్నాడు?” అని నన్నడిగింది. నాకు జవాబు తట్టలేదు.